మంత్రి గారికి బహిరంగ లేఖ: రెండో విడత డబ్బులు ఎప్పుడిస్తారు సార్?

మంత్రి గారికి నమస్కారం.

నాది కావలి దగ్గర పల్లెటూరు, నెల్లూరు జిల్లాలోనే ఒక కాలేజీలో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నా. సూర్యుడి వెలుతురుతో నీళ్ల నుంచి హైడ్రోజన్ తీసే పొడులు తయారు చేయడం మా పని. కేంద్రం హైడ్రోజన్ మిషన్ గురించి, దానికి ఇచ్చిన 19,744 కోట్ల గురించి మీకు నేను చెప్పేదేముంది, అవన్నీ మీకు తెలిసినవే. నేను అడిగేది మా ప్రాజెక్టు రెండో విడత గురించి. మొదటి విడత వచ్చింది, ఖర్చు లెక్కలు, యుటిలైజేషన్ సర్టిఫికెట్ అన్నీ పంపాం, ఏడాది దాటిపోయింది, ఐదుసార్లు అర్జీ పెట్టాం, సోమవారం గ్రీవెన్స్‌లో కూడా ఇచ్చాం, ఒక్క జవాబు లేదు.

డబ్బు రాకపోతే ఏమవుతుందో చెప్తా వినండి. యూరియాని మూత పెట్టిన గిన్నెలో ఫర్నేస్‌లో 550 డిగ్రీల దాకా కాలిస్తే పసుప్పచ్చ పొడి మిగులుతుంది, కార్బన్ నైట్రైడ్ అంటారు. మా నాన్న వరికి చల్లే యూరియా అదే సార్, అందుకే ఈ పనంటే నాకంత ఇష్టం. దాని మీద కొంచెం ప్లాటినం ఎక్కించి, నీళ్లలో మెథనాల్‌తో కలిపి గాజు రియాక్టర్‌లో పోసి, రబ్బరు సెప్టం (సూది గుచ్చే మూత) బిగించి, దేనితోనూ కలవని ఆర్గాన్ గ్యాస్ అరగంట పంపి లోపలి గాలంతా బయటికి తోలి, అప్పుడు లైట్ వేస్తాం. గంటకోసారి సిరంజితో పైనున్న గ్యాస్ లాగి జీసీ మెషిన్‌లోకి (ఏ గ్యాస్ ఎంతుందో కొలిచే గ్యాస్ క్రోమటోగ్రాఫ్) ఎక్కిస్తే స్క్రీన్ మీద హైడ్రోజన్ పీక్, అంటే కొండలాంటి గీత, లేస్తుంది. మొదటిసారి అది లేచిన రోజు నేనూ మా జూనియరూ అన్నం తినడం కూడా మర్చిపోయాం.

ఆ మెషిన్‌కి కూడా ఆర్గానే కావాలి. ఒకరోజు రన్ మధ్యలో సిలిండర్ అయిపోయింది, గ్యాస్ పారకపోయేసరికి మేం చూసుకునేలోపే లోపల కొలిచే సన్న తీగ, డిటెక్టర్ ఫిలమెంట్, కాలిపోయింది. కొత్తది వేయించడానికి డబ్బు లేదు, సిలిండర్ వాళ్లు పాత బాకీ కట్టమంటున్నారు, జీసీ మీద దుప్పటి కప్పి పెట్టాం. శాంపిల్ చెన్నైకి తీసుకుపోయి టెస్ట్ చేయించుకోవచ్చు కదా అని ఒక ఆఫీసర్ అడిగారు. పొడి అయితే సంచిలో వేసుకుని పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో పోతా సార్, గ్యాస్ ఎట్లా తీసుకుపోవాలి? హైడ్రోజన్ చాలా చిన్న అణువు, సిరంజిలో నుంచి, రబ్బరులో నుంచి కారిపోతుంది, అక్కడికి చేరేసరికి ఎంత మిగిలిందో నమ్మకం ఏముంది. లైట్ పక్కనే మెషిన్ ఉండాలి, అక్కడికక్కడే కొలవాలి.

1972లో జపాన్‌లో ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్‌తో ఈ దారి చూపించారు. అది కంటికి కనబడని యూవీ (అతినీలలోహిత) వెలుతురునే పట్టుకుంటుంది, ఎండలో యూవీ నాలుగైదు శాతమే ఉంటుంది. మా పసుప్పచ్చ పొడి నీలం వెలుతురు కూడా కొంత పట్టుకుంటుంది, ఎక్కువ పట్టుకునేలా చేయాలనే మా తాపత్రయం. జపాన్ వాళ్లే 2021లో వంద చదరపు మీటర్ల ప్యానెల్ పెడితే ఎండ శక్తిలో మహా అయితే 0.76 శాతమే హైడ్రోజన్‌గా మారింది. అంటే ఇంకా చేయాల్సింది కొండంత ఉంది, మా ఎండాకాలం ఎండ చూశారు కదా సార్, ఈ పని మా దగ్గర జరక్కపోతే ఇంకెక్కడ జరగాలి. పెద్ద ప్లాంట్లు రానివ్వండి, సంతోషమే, కానీ చిన్న ల్యాబులో ఒక సిలిండర్‌కి దిక్కులేకుండా పోకూడదు.

మా జూనియర్ విసిగిపోయి ఒంగోల్లో ట్యూషన్లు చెప్పుకోవడానికి వెళ్లిపోయింది. మంచి చెయ్యి సార్ ఆ పిల్లది, సిరంజి పట్టుకుంటే ఒక్క బుడగ వదిలేది కాదు. నాకు ఇంకో ఏడాదే టైముంది, రీడింగులు లేకుండా థీసిస్ ఏం రాయను?

దయచేసి రెండో విడత వదలండి సార్. ఫైల్ ఎక్కడ ఆగిందో అదైనా చెప్పించండి. ఐదు అర్జీల కాపీలూ మీ ఆఫీసులోనే ఉన్నాయి, ఒక్కటి తీసి చూడండి చాలు.

ఇట్లు,
ఒక రీసెర్చ్ స్కాలర్, కావలి