కెమెరా హబ్ ఆఫ్‌లైన్ అని చూపిస్తే: మా వినియోగదారులకు ఒక వివరణ

వినియోగదారులందరికీ నమస్కారం.

ఇంటి కెమెరాలన్నిటినీ కలిపి రూటర్‌కు జోడించే పెట్టెనే హబ్ అంటాము. ఈ మధ్య మాకు వస్తున్న ఫోన్లలో చాలావరకు ఒకే మాటతో మొదలవుతున్నాయి: “హబ్ పోయింది, యాప్‌లో ఆఫ్‌లైన్ అని వస్తోంది, వచ్చి మార్చండి.” ఇకమీదట ఇలాంటి ఫిర్యాదు అందగానే కొత్త హబ్ చేతబట్టుకుని బయలుదేరే పద్ధతిని మానుకుంటున్నాము. లోపం ఎక్కడుందో ముందు ఫోన్‌లోనే మీతో కలిసి తేల్చుకుని, అవసరమైతేనే వస్తాము. హబ్ మారిస్తే మాకు ఒక అమ్మకం జరుగుతుంది కనుక ఈ నిర్ణయం వ్యాపారపరంగా మాకు లాభసాటి కాదు. అయినా కొత్త హబ్‌ను కూడా అదే అడాప్టర్‌కు తగిలించి, అదే మూలన, అదే రూటర్‌ను ఆనుకుని పెడితే కొద్ది రోజుల్లో అదే ఫిర్యాదు మళ్లీ వస్తుంది.

యాప్ చూపించే “ఆఫ్‌లైన్” అనే మాట మూడు వేర్వేరు లోపాలను ఒకే గాటన కడుతుంది. కెమెరాకూ హబ్‌కూ మధ్య సిగ్నల్ తెగి ఉండవచ్చు. హబ్‌కూ రూటర్‌కూ మధ్య తెగి ఉండవచ్చు. లేదా ఇంట్లో అంతా సవ్యంగానే ఉండి, రూటర్ నుంచి బయటి ఇంటర్నెట్‌కు వెళ్లే దారి మూసుకుపోయి ఉండవచ్చు. ఒక్క కెమెరా మాత్రమే కనిపించకపోతే హబ్‌ను అనుమానించనక్కరలేదు, ఆ కెమెరా దగ్గరే వెతకాలి. కెమెరాలన్నీ ఒకేసారి మాయమైతే ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, ఇంటి వైఫైకి కలిపి, యాప్ తెరిచి చూడండి. అప్పుడు లైవ్ దృశ్యం వస్తే హబ్ నిక్షేపంగా ఉన్నట్టే, బయటి లైనును చూసుకోవాలి. అయితే తయారీదారు సర్వర్ లేనిదే ఇంట్లో కూడా దృశ్యం చూపని హబ్‌లు కొన్ని ఉన్నాయి, వాటికి ఈ పరీక్ష పనికిరాదు. మీ మోడల్ ఏ కోవకు చెందుతుందో ఫోన్‌లో అడిగితే చెబుతాము.

అందరూ వైఫైని తిడతారు గానీ, మా అనుభవంలో ముందుగా చూడవలసింది కరెంటు సరఫరాను. పగలంతా చక్కగా పనిచేసి చీకటి పడగానే పోయే కెమెరా దీనికి మంచి ఉదాహరణ. వెలుతురు తగ్గినప్పుడు కెమెరాలో చిన్నగా టిక్కుమనే శబ్దం వినిపిస్తుంది. లెన్సు వెనుక ఉన్న ఫిల్టర్ పక్కకు జరిగి, ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు వెలుగుతాయి. ఆ క్షణంలో కెమెరా తీసుకునే కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది. అడాప్టర్ నాసిరకమైనదైనా, సన్నటి యూఎస్‌బీ వైరును పొడవుగా లాగినా, చివరకు చేరే వోల్టేజీ 5 వోల్టుల కంటే బాగా పడిపోయి కెమెరా రీస్టార్ట్ అవుతుంది. తిరిగి లేచాక మళ్లీ ఎల్‌ఈడీలు వెలిగించి మళ్లీ పడిపోతుంది. యాప్‌లో మాత్రం అది “సిగ్నల్ బలహీనం” అన్నట్టే కనిపిస్తుంది. కెమెరాతో వచ్చిన అడాప్టర్‌నూ వైరునూ తిరిగి పెట్టి, ఒక రాత్రి గమనించండి. ఫోన్ ఛార్జర్ ఏదైనా ఒకటేనన్న ధోరణి ఇక్కడ చెల్లదు.

కరెంటు పోయి వచ్చాక హబ్ కలవకపోవడం మరో తరచు ఫిర్యాదు. రూటర్ పూర్తిగా లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. హబ్ అంతకంటే ముందే లేచి, రూటర్ ఇవ్వవలసిన ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్య) దొరకక, 169.254తో మొదలయ్యే తాత్కాలిక చిరునామాను తనకు తానే పెట్టుకుని ఊరుకుంటుంది. కొన్ని హబ్‌లు కాసేపటికి మళ్లీ అడుగుతాయి, కొన్ని అడగవు. రెండింటినీ ఆపి, ముందు రూటర్ వేసి, ఫోన్‌లో ఇంటర్నెట్ వచ్చిందని చూసుకుని, ఆ తర్వాతే హబ్ వేయండి. అవకాశం ఉన్న చోట రెండింటినీ ఒక చిన్న యూపీఎస్ మీద పెట్టించుకోవడం ఇంకా మేలు.

రూటర్ మార్చేటప్పుడు పాత వైఫై పేరునూ పాస్‌వర్డ్‌నూ అక్షరం పొల్లుపోకుండా కొత్త రూటర్‌లో పెట్టించండి, పెద్ద చిన్న అక్షరాలు కూడా అవే ఉండాలి. అలా చేస్తే చాలా కెమెరాలు మార్పును గుర్తించకుండానే కలిసిపోతాయి. కలవకపోతే రెండు విషయాలు చూడాలి. మొదటిది, చాలా కెమెరాలకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్ మాత్రమే తెలుసు. కొత్త రూటర్ 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లు రెండింటికీ ఒకే పేరు పెట్టినప్పుడు జత చేసే దశలో కొన్ని తడబడతాయి. రెండోది, రూటర్ భద్రతను డబ్ల్యూపీఏ3 అనే కొత్త వైఫై భద్రతా పద్ధతికి మాత్రమే పరిమితం చేసి ఉంటే పాత కెమెరాలు లోపలికి రాలేవు, దాని ముందుతరమైన డబ్ల్యూపీఏ2ను కూడా అనుమతించాలి.

హబ్‌ను ఎక్కడ పెట్టామన్నది కూడా ముఖ్యమే. ఇనుప బీరువా పైన, టీవీ వెనుక పెట్టిన హబ్ నుంచి గోడ అవతలి కెమెరాకు సిగ్నల్ అందాలని ఆశించకూడదు. రికార్డింగుల కోసం తగిలించే యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ సంగతి చాలామందికి తెలియదు: ఆ డిస్కూ దాని వైరూ 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలో రేడియో రొదను వెదజల్లుతాయి. డిస్కును యాంటెన్నాకు కాస్త దూరంగా జరిపితే చాలు, కెమెరాలు తిరిగి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. చుట్టుపక్కల రూటర్లు ఎక్కువగా ఉన్న భవనాల్లో రూటర్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఛానల్‌ను 1, 6, 11లలో ఖాళీగా ఉన్నదానికి మార్చండి, ఈ మూడూ ఒకదానిమీద ఒకటి పడవు. వీలైతే హబ్‌ను రూటర్‌కు ఈథర్నెట్ కేబుల్‌తోనే కలపండి.

దయచేసి ఇవేవీ చూడకుండా రీసెట్ బటన్ నొక్కి పట్టుకోవద్దు. ప్లగ్ తీసి పెట్టడం వేరు, ఫ్యాక్టరీ రీసెట్ వేరు. రీసెట్ చేస్తే జత చేసిన కెమెరాలన్నీ హబ్ జ్ఞాపకంలోంచి చెరిగిపోతాయి, నిచ్చెన వేసుకుని ఒక్కొక్కదాన్నీ మళ్లీ కలపాలి. కొన్ని మోడళ్లలో నిల్వ ఉన్న రికార్డింగులు కూడా పోతాయి.

బయటినుంచి చూడటానికి రూటర్‌లో పోర్ట్ (బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా లోపలికి వచ్చే దారి) తెరిచి పెట్టమని అడిగేవారికి మా సమాధానం ఇకపై “కుదరదు” అనే. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్), కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌లను మార్చని కెమెరాలనూ రూటర్లనూ పట్టుకుని పెద్ద పెద్ద వెబ్‌సైట్ల మీద దాడికి వాడుకుంది. పైగా సర్వీసు సంస్థ ఒకే బహిరంగ ఐపీ చిరునామాను అనేక ఇళ్లకు పంచుతున్న చోట పోర్ట్ తెరిచినా ఫలితం ఉండదు. మీ రూటర్‌కు 100.64 నుంచి 100.127 వరకు మొదలయ్యే చిరునామా వచ్చిందంటే పరిస్థితి అదేనని అర్థం. అలాంటి ఇళ్లలో తయారీదారు యాప్ గానీ, వీపీఎన్ (బయటినుంచి ఇంటి నెట్‌వర్క్‌కు సురక్షిత దారి కల్పించే) సేవ గానీ వాడాలి.

మా చేతిలో లేనివీ కొన్ని ఉన్నాయి. తయారీదారు సర్వర్ ఆగిపోతే మేము వచ్చి చేయగలిగేది ఏమీ ఉండదు. అప్‌లోడ్ (ఇంటి నుంచి బయటికి పంపే) వేగం చాలకపోయినా అంతే. 1080పీ దృశ్యం పంపడానికి ఒక్కో కెమెరాకు సుమారు 2 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) కావాలి. నాలుగింటిని ఒకేసారి బయటినుంచి చూడాలంటే లెక్క మీరే వేసుకోవచ్చు. సర్వీసు సంస్థ గొప్పగా చెప్పే వేగం సాధారణంగా డౌన్‌లోడ్‌ది, మీరు అడిగి తెలుసుకోవలసింది అప్‌లోడ్‌ది.

ఇన్ని చూశాక కూడా, సరైన అడాప్టర్‌తో, ఈథర్నెట్ కేబుల్ మీద ఉన్న హబ్ దీపాలు వెలగకపోయినా, అదే పనిగా రీస్టార్ట్ అవుతున్నా అది నిజంగా హబ్ లోపమే, వారంటీ ఉంటే ఆ ప్రకారం మార్చి ఇస్తాము. ఫోన్ చేసేటప్పుడు హబ్ ముందు నిలబడి చేయండి. దీపం ఏ రంగులో ఉందో, నిలకడగా ఉందో మిణుకుతోందో, ఎన్ని కెమెరాలు పోయాయో, ఆ పూట ఇంట్లో రూటర్‌ను గానీ పాస్‌వర్డ్‌ను గానీ ఎవరైనా మార్చారేమో చెప్పండి.