నిమాలింగ్ నుంచి మా తమ్ముణ్ణి కిందికి దించినవాళ్ళకి

లద్దాఖ్ కొండల్లో నడక యాత్రకి వెళ్ళి, నిమాలింగ్ అనే చోట ఎత్తు వల్ల వచ్చే జబ్బుతో ప్రాణాల మీదికి తెచ్చుకున్న మా తమ్ముడు సోమవారం నుంచి ఆఫీసుకి వెళ్తున్నాడు. తలనొప్పి లేదు, తూలడం లేదు. హైదరాబాద్‌లో డాక్టర్ గారు కూడా చూసి ఇక భయపడాల్సింది ఏమీ లేదన్నారు. ఇన్నాళ్ళూ ఫోన్ చేసి అడిగిన అందరికీ పేరుపేరునా థాంక్స్. అయితే వాడు ఇవాళ మా మధ్య ఉన్నాడంటే దానికి కారణమైన మనుషులు వేరే ఉన్నారు. వాళ్ళు లద్దాఖ్‌లో, మార్ఖా లోయలో ఉంటారు. వాళ్ళకి తెలుగు రాదు. మా గైడ్‌కి దీన్ని ఫోన్‌లో హిందీలో చదివి వినిపిస్తానని మాటిచ్చాను, ఆయన మిగతా వాళ్ళకి చెబుతారు. వాళ్ళ అనుమతి అడగలేదు కాబట్టి పేర్లు రాయడం లేదు.

మార్ఖా లోయ హెమిస్ నేషనల్ పార్కులో ఉంది. 1981లో ఏర్పడిన ఈ పార్కు మంచు చిరుతలకి పేరున్న చోటు. లేహ్ నుంచి చిలింగ్ దాకా బండిలో వెళ్ళి, జంస్కార్ నది దాటి, స్క్యూ, మార్ఖా, హంకర్ ఊళ్ళ మీదుగా నిమాలింగ్ మైదానానికి ఎక్కి, అక్కడి నుంచి కొంగ్‌మారు లా కనుమ దాటి అవతల షాంగ్ సుమ్‌దో వైపు దిగడం మామూలు దారి. ఊళ్ళు ఉన్నంతవరకు టెంట్ అవసరం లేదు. ప్రతి ఊళ్ళోనూ ఇళ్ళలోనే పడుకోవచ్చు, వాళ్ళు తినేదే మనకీ పెడతారు. పెద్ద వంటగది, మధ్యలో పొయ్యి, గోడ పొడుగునా అలమరాల్లో తళతళలాడే రాగి, ఇత్తడి పాత్రలు. చిలింగ్ ఊరు తరతరాలుగా లోహపు పనివాళ్ళ ఊరు, ఆ పాత్రల్లో చాలావరకు అక్కడివేనట. రాత్రికి స్క్యూ అని గోధుమపిండి బిళ్ళలు, కూరగాయలు కలిపి వండే పులుసు లాంటిది పెట్టారు (ఊరి పేరూ అదే, వంట పేరూ అదే). పొద్దున ఖంబీర్ రొట్టె, ఆప్రికాట్ జామ్. మేం మాంసం తినమని తెలిసి మార్ఖాలో మేం దిగిన ఇంటి ఆమా-లే (అక్కడ అమ్మని అలా పిలుస్తారు) పెరట్లోంచి బఠాణీలు, పాలకూర కోసుకొచ్చి విడిగా వండింది. ఆ ఊళ్ళో అతిథులు ఏ ఇంటికి వెళ్ళాలన్నది వంతుల ప్రకారం నడుస్తుంది. ఒక్క ఇల్లే సంపాదించుకుని పక్కిల్లు ఖాళీగా ఉండకూడదని ఆ ఏర్పాటు.

ఇళ్ళలో అతిథుల్ని పెట్టుకోవడానికీ మంచు చిరుతకీ సంబంధం ఉందని అక్కడే తెలిసింది. చిరుత రాత్రిపూట దొడ్లో దూరిందంటే ఒక్క గొర్రెతో వదలదు, కనిపించినవన్నీ చంపుతుంది. ఏడాది బతుకంతా ఒక్క రాత్రిలో పోయిన మనిషికి చిరుత మీద కోపం రాకుండా ఎలా ఉంటుంది? ఆ కోపంలో వాటిని చంపేసిన రోజులున్నాయి. 2000 తర్వాత చిరుతల సంరక్షణ కోసం పనిచేసేవాళ్ళు ఊరివాళ్ళతో కూర్చుని, దొడ్లకి పైన ఇనుప వల కప్పించడం, ఇళ్ళలో యాత్రికులకి బస ఏర్పాటు చేయించడం మొదలుపెట్టారు. చిరుతని చూడాలని వచ్చేవాళ్ళ వల్ల ఆడవాళ్ళ చేతికి నాలుగు డబ్బులు వస్తున్నాయి. ఇదంతా మార్ఖా ఆమా-లే రొట్టెల పిండి కలుపుతూ చెబుతుంటే గైడ్ హిందీలోకి మార్చి చెప్పారు. ఆ పొయ్యి దగ్గర కూర్చున్న సాయంత్రాలకి కూడా మేం ఋణపడి ఉన్నాం.

ఇక ఆ రాత్రి సంగతి. మా గైడ్‌ని అందరం ఆచో అని పిలిచేవాళ్ళం, అక్కడ అన్నని అలాగే పిలుస్తారు. ఆయన మమ్మల్ని ఎక్కడా తొందరపెట్టలేదు. లేహ్ ఊరే 3,500 మీటర్ల ఎత్తు. అక్కడ ఒళ్ళు అలవాటు పడేదాకా కదలనివ్వలేదు. హంకర్ దాదాపు 4,000 మీటర్లు, నిమాలింగ్ దాదాపు 4,800. ఒక్కరోజులో అంత ఎక్కడం మంచిది కాదని మధ్యలో థచుంగ్‌ట్సేలో పడుకోబెట్టారు. రోజూ పొద్దునా సాయంత్రం అందరి వేళ్ళకీ ఆక్సిమీటర్ పెట్టి పుస్తకంలో రాసుకునేవారు. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఎత్తు జబ్బు రావచ్చు. బలంగా ఉన్నవాళ్ళకి రాదన్న హామీ లేదు. మా తమ్ముడు రోజూ పరుగెత్తే మనిషి.

నిమాలింగ్ చేరిన సాయంత్రం వాడికి తలనొప్పి మొదలైంది. అన్నం వద్దన్నాడు, రెండుసార్లు వాంతి అయింది. ఎవరైనా అలసట అనే అనుకుంటారు. ఆచో అనుకోలేదు. వాణ్ణి బయటికి తీసుకొచ్చి, ఒక పాదం మడమ రెండో పాదం వేళ్ళకి తగిలేలా గీత మీద నడిచినట్టు నడవమన్నారు. వాడు రెండు అడుగులు వేసి పక్కకి ఒరిగిపోయాడు. నా పేరు అడిగితే కాసేపు ఆలోచించాడు. మెదడు వాపు మొదలైందని, పొద్దున దాకా ఆగడం కుదరదని ఆచో అక్కడే చెప్పారు.

అప్పుడొచ్చింది అసలు ప్రశ్న, ఎటు దిగాలని. మా బృందంలో కొందరు ముందుకే వెళ్దామన్నారు. కనుమ దాటితే అవతల రోడ్డు దగ్గర, లేహ్ దగ్గర. వినడానికి అది సబబుగానే ఉంది. కానీ కొంగ్‌మారు లా 5,200 మీటర్ల పైన ఉంది. అంటే దిగడానికి ముందు ఇంకో నాలుగు వందల మీటర్లు ఎక్కాలి. నిమాలింగ్‌లోనే గాలిలో అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఈ స్థితిలో ఉన్నవాణ్ణి ఇంకా పైకి తీసుకెళ్ళడం అంటే చంపుకోవడమేనని ఆచో గట్టిగా చెప్పారు. రోడ్డు దూరమైనా సరే, వెనక్కి హంకర్ వైపు దారంతా దిగుడే. ఆ మాట మీద ఆయన నిలబడ్డారు. చీకట్లో, ఇంతమంది వాదిస్తుంటే, గొంతు పెంచకుండా నిలబడ్డారు. ఆచో, ఈ ఒక్క నిర్ణయానికే మా ఇంటిల్లిపాదీ మీకు చేతులెత్తి మొక్కుతున్నాం.

పక్క టెంట్లలో పుణె నుంచి వచ్చిన బృందం ఉంది. వాళ్ళ దగ్గర చిన్న ఆక్సిజన్ సిలిండర్ ఉందని తెలిసి అడిగితే, ఒక్కరూ మారుమాట్లాడలేదు. మర్నాడు కనుమ ఎక్కాల్సింది వాళ్ళే, అది వాళ్ళకీ అవసరం కావచ్చు. అయినా ఇచ్చేశారు. మీ నంబర్లు తీసుకునే తీరిక కూడా లేకపోయింది. ఈ పోస్టు మీలో ఎవరి కంటైనా పడితే దయచేసి ఒక్క మెసేజ్ పెట్టండి.

వేసవిలో లోయ ఊళ్ళవాళ్ళు యాక్‌లని, గొర్రెల్ని, మేకల్ని మేపడానికి నిమాలింగ్ తోలుకొచ్చి రాతి గుడిసెల్లో ఉంటారు. ఒక గుడిసెలోంచి ఒక పెద్దావిడ రెండు దుప్పట్లు తెచ్చి వాడి భుజాల చుట్టూ చుట్టి, తన నడికట్టు విప్పి దాంతో కట్టింది. గుర్రాల కుర్రాడు సామాన్లన్నీ దించేసి తన గుర్రాల్లో నెమ్మదైన దానికి జీను వేశాడు. ఫోన్ పనిచేయదు కాబట్టి అతని తమ్ముడు టార్చి పట్టుకుని ముందే హంకర్‌కి పరుగెత్తాడు. ఆచో మెదడు వాపు తగ్గించే డెక్సామెథసోన్ మాత్ర వేశారు. ఆ మందు దిగడానికి కాస్త వ్యవధి ఇస్తుందే తప్ప పైనే ఉండిపోవడానికి కాదని నాకు అర్థమయ్యేలా చెప్పారు. చెరో పక్కన ఒకరు పట్టుకుని నడిస్తే తమ్ముడు గుర్రం మీద ముందుకి వాలి కూర్చున్నాడు. జులైలో మంచు కరిగి వాగులు పొంగి ఉంటాయి, సాయంత్రాలు మరీ ఎక్కువ. ఏ చోట నీళ్ళు తక్కువో, ఏ రాయి కదులుతుందో ఆ కుర్రాడికి చీకట్లోనూ తెలుసు. ప్రతి వాగు దగ్గరా ముందు తను మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, తర్వాత గుర్రాన్ని నడిపించాడు. నేను వెనకాల నడుస్తూ ఏడుస్తూనే ఉన్నాను.

థచుంగ్‌ట్సే దాటాక తమ్ముడు "అక్కా, నీళ్ళు" అన్నాడు. మూడు గంటల తర్వాత విన్న మొదటి మాట అది.

హంకర్ చేరేసరికి ఇంకా తెల్లారలేదు. మేం పైకి వెళ్ళేటప్పుడు పడుకున్న ఇంట్లోనే పొయ్యి వెలిగించి ఉంది. ఆ ఇంటి ఆమా-లే వాడి బూట్లు విప్పింది, తడి మేజోళ్ళు తీసి పాదాలు తన ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది. బార్లీ పిండితో పలచగా కాచిన జావ చెంచాతో పట్టింది. నన్ను కూడా ఒక మూలకి లాగి దుప్పటి కప్పి, ఉప్పు వేసిన వెన్న టీ చేతిలో పెట్టింది. ఆమెకి హిందీ కూడా అంతంత మాత్రమే. ఆ ఇంట్లో నాకు మాటల అవసరం పడలేదు. పొద్దున్నే ఊళ్ళో ఒకాయన వాహనం అందే చోట బండి సిద్ధం చేయించారు. బయల్దేరేటప్పుడు ఆమా-లే తన ఫ్లాస్కు నిండా వేడి నీళ్ళు పోసి నా చేతికిచ్చింది. డబ్బు ఇవ్వబోతే నా గుప్పిటే మూసేసింది.

లేహ్‌లో సోనమ్ నోర్బు మెమోరియల్ ఆసుపత్రిలో డాక్టర్లు, నర్సులు చూసుకున్న తీరుకి కూడా నమస్కారం. అన్ని వివరాలూ ఆచో పుస్తకంలోంచి చూసి చెప్పారు. ఏ గంటకి ఎంత రీడింగ్, ఏ మందు ఎప్పుడు వేశారో అన్నీ అందులో ఉన్నాయి. సమయానికి దించారు కాబట్టే ఇంత తొందరగా కోలుకుంటున్నాడని డాక్టర్ గారు ఆయన భుజం తట్టి మరీ అన్నారు.

ఆరోజే అమ్మకి ఫోన్ చేశాను. అమ్మకి హిందీ రాదు. ఆచోతో మాట్లాడతానని పట్టుబట్టింది. రాజమండ్రి తెలుగులో "నాయనా, నా బిడ్డని నాకిచ్చావు, నీ కడుపు చల్లగా" అంటూ చాలాసేపు మాట్లాడింది. ఆయన ఒక్కసారి కూడా ఫోన్ నా చేతికివ్వలేదు. "జీ ఆమా-లే, జీ" అంటూ చివరిదాకా విన్నారు.

మీకు మేం ఏం చేయగలం అని ఆయన్ని అడిగాను. తనకేమీ వద్దన్నారు. మీవాళ్ళెవరైనా మా లోయకి వస్తే టెంట్లలో కాకుండా ఊళ్ళో ఇళ్ళలో ఉండమనండి, ఈ దారి తెలిసిన లోయ మనిషినే గైడ్‌గా పెట్టుకోమనండి, ప్లాస్టిక్ సీసాలు వెనక్కి తీసుకెళ్ళమనండి అన్నారు. అందుకే ఆ మూడు మాటలూ ఇక్కడ రాస్తున్నాను.

ఒక సాయం కావాలి. ఆమా-లే ఫ్లాస్కు మా దగ్గరే ఉండిపోయింది. ఆ ఎత్తులో, ఆ చలిలో ఫ్లాస్కు లేకపోతే ఇంట్లో గడవదు. దాంతోపాటు అమ్మ ఇంకో కొత్త ఫ్లాస్కు, ఒక ఊలు శాలువా, నిమాలింగ్ పెద్దావిడకి రెండు దుప్పట్లు కట్టి ఉంచింది. లేహ్ దాకా పార్సిల్ పంపగలం, అక్కడి నుంచి హంకర్‌కి మనిషే మోసుకెళ్ళాలి. సెప్టెంబర్‌లో మార్ఖా వైపు వెళ్ళే తెలుగువాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. బరువు ఎక్కువేం కాదు, లేహ్‌లో ఆచో వచ్చి మిమ్మల్ని కలుస్తారు.