మన సంఘం వార్షిక నివేదిక, 2024-25

సభ్యులందరికీ నమస్కారం.

బ్లడ్ కాన్సర్ ఉన్నవాళ్ళమంతా కలిసి ఈ సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్ళీ చెప్పనక్కర లేదు. ముందుగా, ఈ ఏడాది మనల్ని విడిచి వెళ్ళిన సభ్యులకు నివాళి. వారి ఇంటివాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ మన పనుల్లో ఉన్నారు. ప్లేట్లెట్స్ కావాలని అర్ధరాత్రి ఫోన్ వచ్చినా దాతలను లేపి పంపుతున్నారు. వాళ్ళ ఋణం తీర్చుకోలేం.

2022లో జిల్లా రెండైనా మన సంఘం రెండు కాలేదు. ధర్మవరం, కదిరి, హిందూపురం సభ్యులు ఎప్పటిలాగే అనంతపురం వచ్చి కూర్చుంటున్నారు. అందుకు చాలా సంతోషం.

పోయిన సమావేశంలో మనం ఒక సంగతి తేల్చుకున్నాం. మనమంతా రక్తం రిపోర్టు ఒక్కటే చూసుకుంటున్నాం. కౌంట్స్, అంటే రక్తకణాల లెక్క, బాగుంటే ఒళ్ళంతా బాగున్నట్టే లెక్క. పళ్ళు, చక్కెర, బీపీ, రొమ్ము పరీక్ష, టీకాలు, వీటిని మనమూ పట్టించుకోవట్లేదు, మనల్ని చూసేవాళ్ళూ పట్టించుకోవట్లేదు. నా సంగతే చెప్తాను. ఇంటింటి సర్వేకు వచ్చిన నర్సమ్మ ముప్ఫై దాటిన వాళ్ళందరికీ బీపీ, షుగరు చూసి, నోటి కాన్సర్, రొమ్ము కాన్సర్, గర్భసంచి ముఖద్వారం కాన్సర్ గురించి అడగాలి. మా తోడికోడల్ని అన్నీ అడిగింది. నా దగ్గరికి వచ్చేసరికి, "నువ్వు పెద్దాసుపత్రికి పోతా ఉంటావు కదక్కా, ఆడ చూసుంటార్లే" అని ముందుకు పోయింది. పెద్దాసుపత్రిలో అడిగితే, "అవి మీ ఊళ్ళో చూపించుకోండమ్మా" అన్నారు. ఇద్దరిలో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. మధ్యలో మిగిలింది మాత్రం నేను. ఇదే కథ మీలో చాలామంది చెప్పారు.

ఒకప్పుడైతే ఇంత ఆలోచించే పని ఉండేది కాదేమో. 2001లో ఇమాటినిబ్ అనే మందు వచ్చాక సీఎమ్ఎల్ అనే రకం బ్లడ్ కాన్సర్ ఉన్నవాళ్ళు రోజూ మాత్ర వేసుకుంటూ మనవళ్ళ పెళ్ళిళ్ళు చూస్తున్నారు. అన్నేళ్ళు బతికేవాళ్ళకు బీపీ వస్తుంది, షుగరు వస్తుంది, ఇంకో కాన్సర్ వచ్చే అవకాశమూ ఉంటుంది. బ్లడ్ కాన్సర్ ఒకటి వచ్చింది కదా అని మిగతావి మనల్ని వదిలిపెట్టవు.

అందుకే ఈ ఏడాది శిబిరం పెట్టాం. మృగశిర కార్తెకు ముందటి ఆదివారం పెట్టుకున్నాం. విత్తనం పనులు మొదలైతే పల్లెల నుంచి ఎవరూ రాలేరు, వానాకాలం జ్వరాలు రాకముందే ఫ్లూ టీకా పడాలి. రాయదుర్గం, కళ్యాణదుర్గం, ఉరవకొండ, తాడిపత్రి నుంచి పొద్దున మొదటి బస్సుకే వచ్చేశారు. తమ డాక్టరు రాసిచ్చిన చీటీ తెచ్చిన వాళ్ళకే టీకా అని ముందే చెప్పాం. చీటీ లేనివాళ్ళు అలిగారు. అయినా తప్పదు. ఫ్లూ, న్యుమోనియా ఇంజెక్షన్లలో బతికున్న క్రిమి ఉండదు కాబట్టి మనం వేయించుకోవచ్చు. బతికున్న క్రిమితో చేసే టీకాలు, ముక్కులో కొట్టే ఫ్లూ మందు లాంటివి, మనకు పనికిరావు. కొన్ని రకాల బ్లడ్ కాన్సర్‌కు ఇచ్చే రిటుక్సిమాబ్ ఎక్కించుకున్న వాళ్ళకు ఆరు నెలల వరకు టీకా సరిగ్గా పట్టదు. మ్యారో (ఎముక మూలుగ) మార్పిడి అయినవాళ్ళు చిన్నప్పటి టీకాలు చాలావరకు మళ్ళీ మొదటి నుంచి వేయించుకోవాలి. ఇవి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చెప్పిన యువ డాక్టరు గారికి వేల దండాలు. పక్కన వచ్చిన ఇంటివాళ్ళకు కూడా ఫ్లూ టీకా వేశారు. జబ్బు మన దాకా వచ్చేది ఇంట్లోవాళ్ళ నుంచే కదా.

పదకొండు గంటలకు కరెంటు పోయింది. టీకాలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి, బయట ఎండ మండిపోతోంది. మన కుర్రాడొకడు ఐసు గడ్డలు తెచ్చి పెట్టెలో నేరుగా పెట్టబోతే నర్సమ్మ చెయ్యి పట్టుకుంది. గడ్డకట్టినా ఆ మందు పాడేనట. ఐసు ప్యాకులను బయట పెట్టి, చెమ్మ పట్టి లోపల నీళ్ళు కదిలాకే పెట్టెలో సర్దింది. ఒక్క సీసా కూడా పాడు కాలేదు. ఆ రోజు ఆవిడ మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు.

పళ్ళ పరీక్ష దగ్గర ఎక్కువ ఆలస్యమైంది, ఎక్కువ మేలు జరిగిందీ అక్కడే. మైలోమా, అంటే ఎముకలను కూడా తినేసే రకం బ్లడ్ కాన్సర్, ఉన్నవాళ్ళకు ఎముకల కోసం జోలెడ్రోనిక్ ఆసిడ్ అనే మందు ఎక్కిస్తారు. అది మొదలయ్యాక పన్ను పీకిస్తే దవడ ఎముక మానకుండా కుళ్ళే ప్రమాదం ఉంది. మందు మొదలుపెట్టక ముందే పళ్ళు బాగుచేయించుకోవాలి. ఈ ముక్క తెలిసినవాళ్ళు ఆ వరసలో ఇద్దరే. ఆకు వక్క నమిలే ఒక సభ్యుడి నోట్లో తెల్ల మచ్చ కనబడింది. ముక్క తీసి పరీక్షకు పంపితే కాన్సర్ కాదని వచ్చింది, వదిలేస్తే కావచ్చని డాక్టరు గారు చెప్పారు. ఆయన వక్కాకు మానేశారు. ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో నాకు బాగా గుర్తుండేది ఇదే.

మైలోమా వాళ్ళకు ఇంకో మాట. మోకాళ్ళ నొప్పికి, నడుం నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫినాక్ కొని వేసుకోవద్దు, కిడ్నీలు దెబ్బతింటాయి. సమావేశంలో చెప్పాం, ఫోన్లో చెప్పాం, ఇంకా వేసుకుంటూనే ఉన్నారు. దయచేసి ఆపండి.

అక్కి సంగతి కూడా చెప్పాలి. ఒక సభ్యురాలికి నడుం చుట్టూ పొక్కులు లేస్తే కుమ్మరి దగ్గర అక్కి రాయించుకుని నాలుగు రోజులు ఆగింది. రాయించుకోవద్దని నేను అనను, అది ఇంటి నమ్మకం. కానీ మూడు రోజుల లోపల మాత్రలు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. ఆమె నొప్పి ఇప్పటికీ తగ్గలేదు. అక్కికి టీకా ఉంది, రెండు డోసులు, బతికున్న క్రిమి లేనిదే. ధర మాత్రం మన బోటి వాళ్ళకు అందేలా లేదు.

జ్వరం కార్డులు, థర్మామీటర్లు అందరికీ ఇచ్చాం. కీమోలో ఉన్నవాళ్ళకు జ్వరం 100.4 చేరితే పారాసిటమాల్ వేసుకుని తెల్లవారే దాకా చూడకూడదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. కార్డు మీద పెద్ద అక్షరాలతో అదే రాయించాం. ఎందుకు రాయించామంటే, ఒక రాత్రి మన సభ్యుడిని ఒక ఆసుపత్రిలో "మామూలు జ్వరమే, పొద్దున ఓపీకి రండి" అని బెంచీ మీద కూర్చోబెట్టారు. తెల్లకణాలు పడిపోయిన మనిషికి గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. ఆయన బయటపడ్డారు గానీ ఆ ఇంటివాళ్ళు పడ్డ టెన్షన్ నేను మరిచిపోలేను. ఇప్పుడు ఆ కార్డు చూపిస్తే లోపలికి పిలుస్తున్నారని ముగ్గురు చెప్పారు.

జమాఖర్చులు కోశాధికారి గారు తయారు చేశారు, ఆడిట్ అయింది, కాపీ మీ చేతిలో ఉంది. శిబిరానికి అనుకున్నదాని కంటే ఎక్కువైంది, లోటు కమిటీ సభ్యులు వేసుకున్నారు.

మనసులో ఉన్నది కూడా చెప్పేస్తాను. శిబిరానికి పని చేస్తామని పేరిచ్చినవాళ్ళు పద్నాలుగు మంది, వచ్చింది నలుగురు. మిగతా పదిమంది ఫోన్ కూడా ఎత్తలేదు. చీటీలు రాసే మనిషి లేక, కీమో అయి వారం కూడా కాని ఒక చెల్లెలు మాస్కు కట్టుకుని రాసింది. అది నాకు చాలా బాధ కలిగించింది. ఇక, మన సభ్యులకు ఈ టీకాలు ఉచితంగా ఇప్పించమని ఒక కార్యాలయానికి మూడుసార్లు అర్జీ పెట్టాం. మూడుసార్లూ "పైకి పంపాం" అన్నారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మనది ఒకటి. కీమోకు డబ్బు కట్టే పథకం ఉన్నచోట, ఆ కీమోలో ఉండగా జబ్బుల నుంచి కాపాడే టీకాకు మన సభ్యులకు రూపాయి రాలేదు. నాలుగో అర్జీ సిద్ధంగా ఉంది. సమావేశం అయ్యాక అందరూ సంతకం చేసి వెళ్ళండి.

హాలు అద్దె తీసుకోని పెద్దలకు, ఆదివారం క్లినిక్ మూసి వచ్చిన పళ్ళ డాక్టర్లకు, కొన్న ధరకే టీకాలు ఇచ్చిన మెడికల్ షాపు అన్నకు, అప్పటికప్పుడు వేడిగా ఉగ్గాని, బజ్జీలు చేసి పెట్టి, కాచిన నీళ్ళే ఇచ్చిన పాతూరు అక్కలకు, తిరుగు ప్రయాణానికి జీపు ఇచ్చిన గుంతకల్లు సభ్యునికి కృతజ్ఞతలు. పేర్లు వద్దని చాలామంది కోరారు కాబట్టి రాయలేదు.

న్యుమోనియా రెండో డోసు ఇంకా బాకీ ఉన్నవాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారు. మొదటి దానికీ దీనికీ కనీసం ఎనిమిది వారాల తేడా ఉండాలి, అందరికీ అది దాటిపోయింది. వచ్చే నెల సమావేశానికి టీకా కార్డు, మీ డాక్టరు చీటీ రెండూ తెచ్చుకోండి.

ఇట్లు,
కార్యదర్శి,
అనంతపురం