బోర్డును చిప్‌తోనే కొలవకూడదు

సంపాదకులకు నమస్కారం.

అభిరుచి కొద్దీ ఎలక్ట్రానిక్స్ చేసేవారు వాడే చిన్న మైక్రోకంట్రోలర్ (పరికరాలను నడిపే చిన్న కంప్యూటర్ చిప్) బోర్డులను మీ పత్రికలో వచ్చిన వ్యాసం కేవలం ప్రాసెసర్ వేగం, మెమరీలను బట్టి పోల్చింది. ఆ అంకెలు అనవసరమని నేననను. 2 కిలోబైట్ల ర్యామ్ ఉన్న ఆర్డుయినో ఊనో ఆర్3కూ, 264 కిలోబైట్లతో 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికోకూ తేడా చిన్నదేమీ కాదు. అయితే కొన్న బోర్డు పనిలోకి వస్తుందా, సొరుగులో పడి ఉంటుందా అన్నది చాలాసార్లు చిప్ చుట్టూ ఉన్న ఏర్పాట్లను బట్టే తేలుతుంది.

అందులో మొదటిది విద్యుత్ సరఫరా. చవక బోర్డుల్లో విరివిగా కనిపించే 1117 తరహా రెగ్యులేటర్ (వోల్టేజీని నిలకడగా ఉంచే భాగం) 3.3 వోల్టులు నిలకడగా ఇవ్వాలంటే లోపలికి అంతకంటే సుమారు 1.1 వోల్టు ఎక్కువ అందాలి. పూర్తిగా ఛార్జ్ చేసిన లిథియం సెల్ ఇచ్చేదే 4.2 వోల్టులు కనుక, వైఫై ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగినప్పుడు వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. కొత్తవారు తప్పు తమ ప్రోగ్రాంలో ఉందనుకుని దాన్నే తిరగరాస్తూ కూర్చుంటారు. పైగా ఈఎస్పీ32 వంటి వైఫై చిప్ గాఢనిద్రలో (దాదాపు అన్ని పనులూ ఆపేసిన స్థితిలో) పది మైక్రోయాంపులతో సరిపెట్టుకున్నా, ఆ రెగ్యులేటర్ తన కోసమే 5 మిల్లీయాంపుల దాకా వాడుకుంటుంది. ఆ లెక్కన 1000 మిల్లీయాంప్ అవర్ సెల్ ఏ పనీ చేయకుండానే ఎనిమిది రోజుల్లో ఖాళీ అవుతుంది. నిరంతరం వెలిగే పవర్ ఎల్ఈడీ ఖర్చు దీనికి అదనం. తక్కువ కరెంటుతో నడిచే రెగ్యులేటర్‌ను వాడి, ఆ ఎల్ఈడీని తొలగించుకునే వీలు కల్పించడం తయారీదారులకు కష్టమైన పని కాదు.

బోర్డు వెడల్పు సంగతీ ఇలాంటిదే. రెండు పిన్నుల వరుసల మధ్య 25.4 మిల్లీమీటర్ల దూరం పెడితే బ్రెడ్‌బోర్డుపై (టంకం లేకుండా భాగాలను గుచ్చి కలిపే రంధ్రాల పలకపై) వైర్లు గుచ్చడానికి ఒక పక్క ఒక్క రంధ్రమే మిగులుతుంది, రెండో పక్క అదీ ఉండదు. పికోలో ఆ దూరం 17.78 మిల్లీమీటర్లే కాబట్టి ఇరువైపులా రెండేసి రంధ్రాలు దొరుకుతాయి. అంత ఆలోచించినవారే పిన్నుల పేర్లను అడుగువైపు ముద్రించడం మాత్రం నాకు ఎంతకీ మింగుడుపడదు. బ్రెడ్‌బోర్డులో గుచ్చాక వాటిని చదివేదెలా?

యూఎస్‌బీ టైప్-సి సాకెట్ ఉన్నంత మాత్రాన బోర్డు ఆధునికమైపోదు. సాకెట్‌లోని రెండు సీసీ పిన్నులకు (అవతలివైపు ఏం తగిలించారో ఛార్జర్‌కు తెలిపేవి) విడివిడిగా 5.1 కిలోఓమ్‌ల రెసిస్టర్లు ఉండాలి. అవి లేని బోర్డులకు రెండు చివరలా టైప్-సి ఉన్న కేబుల్‌తో విద్యుత్తే అందదు. 2019లో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ రూపకర్తలు ఆ రెండు పిన్నులకూ కలిపి ఒకే రెసిస్టర్ పెట్టడంతో కొన్ని కేబుళ్లతో అది పనిచేయలేదు, తర్వాత సరిదిద్దుకోవలసి వచ్చింది.

కనుక ఇకపై ఇటువంటి పోలికలు ప్రచురించేటప్పుడు చిప్ వివరాలతో పాటు, నిద్రావస్థలో బోర్డు మొత్తం వాడే కరెంటు, పిన్నుల వరుసల మధ్య దూరం, బ్యాటరీతో నేరుగా నడుస్తుందా లేదా అన్న వివరాలను కూడా పట్టికలో చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు