కుంటు పోయినంత మాత్రాన గిట్ట మానినట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

గుర్రం కుంటుతున్నప్పుడు ఏం చేయాలో చెప్పేవారు చాలామందే ఉంటారు గానీ, కుంటు ఆగిన తర్వాత ఏం చేయకూడదో చెప్పేవారు అరుదు. ఆ రెండో సంగతి తెలియక మా గుర్రాన్ని చేజేతులా మళ్లీ బాధపెట్టాను కనుక, అలాంటి పొరపాటు మరొకరు చేయకుండా ఉండాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒకరోజు తెల్లవారేసరికి మా ఆడగుర్రం కుడి ముందుకాలిని ముందుకు చాచి, గిట్ట మొన మాత్రమే నేలకు ఆనించి నిలబడి ఉంది. ముందురోజు సాయంత్రం దాకా చక్కగా నడిచిన గుర్రం ఉన్నట్టుండి కాలు మోపలేకపోయేసరికి, ఎముక విరిగిందేమోనన్న భయంతో భుజం నుంచి కిందిదాకా తడిమి చూశాను. పశువైద్యుడు మాత్రం వస్తూనే గిట్టను పట్టుకున్నారు. అది రెండోదానికంటే వేడిగా ఉంది. గిట్టకు కాస్త పైన, కాలి వెనక వైపు వేళ్లు ఆనించమన్నారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు వెతికితే గానీ దొరకని నాడి అక్కడ వేళ్లను తన్నుతున్నట్టు కొట్టుకుంటోంది. పెద్ద పట్టకారు లాంటి పరికరంతో అడుగుభాగాన్ని కొద్దికొద్దిగా నొక్కుతూ వచ్చి, ఒకచోట గుర్రం కాలు లాక్కోగానే సరిగ్గా అక్కడే సన్నగా చెక్కారు. నల్లటి చీము, భరించలేని వాసనతో, ముందు బొట్టుగా ఊరి ఆ తర్వాత ధారగా కారింది. గుర్రం తల దించి పెద్దగా ఊపిరి వదిలింది. ఆ నిట్టూర్పు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

ఒంట్లో మరెక్కడైనా చీము పడితే చుట్టూ ఉన్న కండ వాచి దానికి చోటిస్తుంది. గిట్ట గోడ గట్టి కొమ్ములాంటిది కాబట్టి సాగదు; లోపల పేరుకున్న కొద్దిపాటి చీమే సున్నితమైన పొరలను ఒత్తి, కాలు విరిగినంత నొప్పి పుట్టిస్తుంది. దారి దొరికి చీము కారిపోగానే నొప్పి సగానికి పైగా తగ్గిపోవడానికీ కారణం ఇదే. మోసపోయేదీ ఇక్కడే. వైద్యుడు ధనుర్వాతం టీకా సంగతి అడిగి (గుర్రాలకు ఆ జబ్బు చాలా సులువుగా సోకుతుంది), ఎప్సం ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిలో గిట్టను నానబెట్టి, పట్టు వేసి, మట్టీ తడీ చొరకుండా కట్టు కట్టమన్నారు. లోపలి నుంచి కొత్త కొమ్ము గట్టిపడి రంధ్రం మూసుకునేవరకు ఆ కట్టు తీయవద్దని మరీ మరీ చెప్పారు.

ఐదో రోజుకు గుర్రం తిన్నగా నడిచింది. నేను కట్టు విప్పి తడినేల మీదికి వదిలేశాను.

పది రోజులు తిరక్కుండానే కుంటు మళ్లీ వచ్చింది. రంధ్రంలో బురద కూరుకుపోయి, బయటికి దారి లేని చీము గిట్ట గోడ వెంట పైకి ఎగబాకి, వెంట్రుకలు మొదలయ్యే అంచు దగ్గర పగిలింది. అంతకంటే భయపెట్టిన సంగతి, బరువంతా మోస్తున్న ఎడమ గిట్ట కూడా వేడెక్కడం. గుర్రం బరువులో 60 శాతం దాకా ముందుకాళ్ల మీదే పడుతుంది. అందులో ఒకటి చెడి, రెండోది రోజుల తరబడి ఒంటరిగా మోస్తే, గిట్ట గోడకూ లోపలి ఎముకకూ మధ్య పట్టు ఇచ్చే సన్నని పొరలు దెబ్బతిని, ల్యామినైటిస్ అనే ఘోరమైన స్థితి రావచ్చు. మాకు అదృష్టవశాత్తు ముందే తెలిసింది కాబట్టి, ఎడమ గిట్టకు మెత్తటి ఆధారం కట్టి, కాళ్ల కింద లోతుగా పరుపు వేసి, ధాన్యం దాణా తగ్గించి గట్టెక్కించుకోగలిగాం. కుంటుతున్న కాలిని చూసినంత శ్రద్ధగా బాగున్న కాలిని కూడా చూడాలని ఆ రోజుల్లోనే తెలిసింది.

నొప్పి మందుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. మందు పనిచేస్తున్నంతసేపు గుర్రం బాగానే నడుస్తుంది. ఆ నడకను చూసి పనికి కట్టకుండా, వైద్యుని సలహాతో మందు ఆపిన తర్వాత గట్టినేల మీద నడిపించి చూడాలి. అలాగే గిట్టలో మేకు దిగినప్పుడు కంగారులో దాన్ని వెంటనే పీకేయకూడదు. వైద్యుడు త్వరగా రాగలిగితే, అది ఇంకా లోపలికి దిగకుండా చూసుకుంటూ అలాగే ఉంచితే, ఎంత లోతుకు, ఏ దిశగా పోయిందో ఎక్స్‌రేలో తెలుస్తుంది. తప్పనిసరిగా తీయాల్సి వస్తే దిగిన చోటునూ కోణాన్నీ గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే ఆ రంధ్రం తర్వాత కంటికి కనిపించకుండా మూసుకుపోతుంది. ల్యామినైటిస్ అనుమానం ఉన్న గుర్రాన్ని మాత్రం కాళ్లు సాగుతాయని నడిపించడం క్రూరత్వమే.

గిట్ట నెలకు దాదాపు 6 నుంచి 10 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. ముందుభాగం పైఅంచు నుంచి నేల వరకు పూర్తిగా కొత్తది కావడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. చీము పగిలిన చోట ఏర్పడిన అడ్డచీలిక మా గుర్రానికి గిట్ట పక్కభాగంలో ఉండేది. నెలకొకసారి పెన్సిల్‌తో గీత పెట్టి అది ఎంత కిందికి దిగిందో కొలిచేవాణ్ణి. లాడం కొట్టే ఆయన ఆరు వారాలకొకసారి వచ్చి, చీలిక దగ్గర బరువు పడకుండా అంచును ఆకురాయితో అరగదీసి, ఇంకా తొందర వద్దని చెప్పి వెళ్లేవారు. ఈసారి ఆయన మాట జవదాటలేదు. ఎనిమిదో నెలలో చీలిక నేల అంచుకు చేరింది. ఆయన ఆకురాయి నాలుగుసార్లు లాగేసరికి ఆ చివరి ముక్క పొడిపొడిగా రాలిపోయింది. ఆ మర్నాడే జీను బయటికి తీశాను.

ఇట్లు,
ఒక గుర్రం యజమాని