ఆటోనగర్ బాబాయ్ గారికి

పోయిన శనివారం విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు ముందు, మారుతి 800 కారు ఇంజన్ హెడ్‌ను, అంటే వాల్వులుండే పైభాగాన్ని, గోనెసంచిలో పట్టుకుని నిలబడ్డది నేనే బాబాయ్ గారూ. కంగారులో మీ పేరడగలేదు.

నీలం పొగ వస్తోందంటే, మూడు సిలిండర్లకూ బోరింగ్ చేసి, అంటే లోపలి గోడలు కోసి వెడల్పు చేసి, కొత్త పిస్టన్లు వేయాల్సిందేనని అప్పటికే ఒకరు చెప్పారు. అంత డబ్బు లేక ఒకటే టెన్షన్. మీరు హెడ్ తిరగేసి, వాల్వుల మీద కిరసనాయిలు పోశారు. కాసేపటికే ఒక ఎగ్జాస్ట్ వాల్వు పక్కనుంచి కారడం కళ్లారా చూశాను, అంటే ఆ వాల్వు సరిగా మూసుకోవడం లేదన్నమాట. "పాత పిస్టన్ రింగును పిస్టన్‌తో సిలిండర్ బోరులోకి సమంగా తోసి, సందులో ఫీలర్ గేజ్ పెట్టి కొలువు. పైన ఒకసారి, కింద ఒకసారి. పెద్ద తేడా లేకపోతే బోరు పెద్దగా అరగలేదన్నట్టే, బోరింగ్ దండగ" అన్నారు. సన్నని రేకులతో సందులు కొలిచే మీ గేజే చేతిలో పెట్టి పంపారు!

తేడా దాదాపు లేదు. రింగులు, వాల్వ్ సీళ్లు, గ్యాస్కెట్లు, వాల్వు గ్రైండింగ్‌తో సరిపోయింది. కనెక్టింగ్ రాడ్ క్యాపులు తారుమారు కాకుండా మీరు చెప్పినట్టే పంచ్‌తో చుక్కలు కొట్టుకున్నాను: ఒకటి, రెండు, మూడు.

నిన్న పొద్దున స్టార్ట్ చేశాం. పొగ లేదు. నాన్నగారు చాలాసేపు సైలెన్సర్ దగ్గరే నిలబడి చూశారు. మీకు వెయ్యి దండాలు బాబాయ్ గారూ. గేజ్ శుభ్రంగా తుడిచి ఉంచాను, ఈ శనివారం అదే షాపు దగ్గరికి తెస్తాను.