వార్షిక కార్యకలాపాల నివేదిక (జూలై 2024 – జూన్ 2025)

గౌరవనీయ సభ్యులకు నమస్కారం.

మన బాస్కెట్‌బాల్ అభిమానుల సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక మళ్లీ ఏకరువు పెట్టను. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ హాలులో మన ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) జట్టు గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఆటలు కలిసి చూడటం, శనివారాలు పార్కులో పిల్లల శిక్షణ, సంక్రాంతికి కుటుంబాల పోటీలు యథావిధిగా జరిగాయి. సంక్రాంతి పోటీలు వాన వల్ల సగంలో ఆగాయి. పులిహోర మాత్రం పూర్తయింది.

ప్రొజెక్టరు అరువిచ్చిన దంపతులకు, ప్రతి కార్యక్రమానికీ పెద్ద గిన్నెతో పెరుగన్నం పంపిన పెద్దమ్మగారికి, చూడటానికి వచ్చి మైకు బాగుచేసి వెళ్లిన విజయవాడ అల్లుడుగారికి కృతజ్ఞతలు. పార్కు కోర్టులో విరిగిన రింగు మార్చమని సంబంధిత కార్యాలయానికి నాలుగు అర్జీలు పెట్టాం. నాలుగింటికీ అందినట్లు జవాబు వచ్చింది. రింగు ఇంకా వేలాడుతూనే ఉంది.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగ్గది వారియర్స్ కుర్ర ఆటగాడు జొనాథన్ కుమింగా గురించి జూన్ చివరి ఆదివారం జరిగిన చర్చ: ‘కుమింగాను ఉంచుకోవాలా, పంపించాలా?’ హాలులో కుర్చీలు చాలక కొందరు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఓటుకు కాగితాల బదులు ఉంచుకోవాలంటే శనగగింజ, పంపించాలంటే పెసరగింజ స్టీలు డబ్బాలో వేయాలన్నాం.

పంపించాలన్నవారి వాదన సూటిగా సాగింది. జట్టుకు ఆధారమైన స్టీఫెన్ కరీకి 37 ఏళ్లు నిండాయి. కరీ, ఇంకో సీనియర్ ఆటగాడు జిమ్మీ బట్లర్ ఇద్దరి ఒప్పందాలూ 2026–27తో ముగుస్తాయి. కుర్రాడు పండేదాకా ఆగేంత సమయం ఎక్కడుంది? పైగా బట్లర్, డ్రేమండ్ గ్రీన్ దూరం నుంచి బంతి వేయడంలో అంతంతమాత్రం. కుమింగా మూడు పాయింట్ల షాట్లు ఈ ఏడాది పదింటికి మూడే పడ్డాయి. ముగ్గురూ ఒకేసారి కోర్టులో ఉంటే ఎదుటి జట్టంతా బుట్ట దగ్గరే కాపు కాస్తుంది, కరీకి ఊపిరి ఆడదు. ‘వైజ్‌మన్‌ను చూశాంగా’ అని ఒకరు గుర్తు చేశారు. జేమ్స్ వైజ్‌మన్‌ను 2020 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) రెండో ఎంపికగా తెచ్చుకుని, ఆడించీ ఆడించక, విలువంతా కరిగాక 2023 ఫిబ్రవరిలో వదిలించుకున్నారు.

ఉంచుకోవాలన్నవారు అదే వైజ్‌మన్ కథను తిప్పికొట్టారు. ఆడించకపోతే విలువ కరగక ఏమవుతుంది? కాంగోలోని గోమాలో పుట్టిన కుర్రాడు, 2021లో ఏడో ఎంపికగా వచ్చాడు, 19 ఏళ్లకే ఛాంపియన్‌షిప్ ఉంగరం తొడిగాడు. 2023–24లో సగటున 16 పాయింట్లు చేశాడు. 2024 డిసెంబరులో వరుసగా రెండు ఆటల్లో 34 చొప్పున కొట్టాడు. జనవరి 4న చీలమండ మడతపడి 31 ఆటలకు దూరమై, మార్చిలో తిరిగొచ్చేసరికి అతని చోట బట్లర్ ఉన్నాడు. మెంఫిస్‌తో ప్లే-ఇన్ ఆటలో (ప్లేఆఫ్స్‌లో, అంటే చివరి నాకౌట్ దశలో, చోటు కోసం ఆడేది) బెంచీ మీంచి లేవనే లేదు. ప్లేఆఫ్స్ రెండో రౌండులో మిన్నెసోటాతో మొదటి ఆటలో కరీకి తొడ కండరం పట్టేశాక గానీ కుర్రాడు గుర్తుకు రాలేదు. ఆ తర్వాతి నాలుగు ఆటల్లో సగటున 24 పైనే చేశాడు, మూడో ఆటలో ఏకంగా 30. ‘ఆ నాలుగూ ఓడిపోయాంగా!’ అని వెనక నుంచి ఒక గొంతు. అదీ నిజమే.

కొడుకు స్కూలు జట్టులో ఆడుతున్న ఒక తల్లి లేచి, ‘ఆరు నిమిషాలు ఆడించి, ఒక తప్పు చేయగానే పిలిచి కూర్చోబెడితే మావాడు తర్వాతి ఆటలో బంతి పట్టుకోవడానికే భయపడుతున్నాడు’ అన్నారు. హాలు ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. అంకెలన్నీ అయ్యాక ఆ మాటే నాకు మిగిలింది.

నా అభిప్రాయం నివేదికలో ఉండకూడదని అధ్యక్షులవారు అన్నారు గానీ, రాసేది నేను కాబట్టి రాస్తున్నాను. నిరుడు అక్టోబరులో ఇంకో కుర్ర ఆటగాడు మోజెస్ మూడీకి మూడేళ్లకు 3.9 కోట్ల డాలర్లు ఇచ్చి సంతకం చేయించుకున్నారు. కుమింగాతో కుదరలేదు. అప్పుడే తేల్చాల్సింది. అతని ఒప్పందం ముగిసిన ఈ 2025 వేసవిలో వేరే జట్టు ఎంత ఇస్తానన్నా అంతే ఇచ్చి ఆపుకునే హక్కు వారియర్స్‌కు ఉంది. అతను విసిగి సుమారు 79 లక్షల డాలర్ల ఏడాది ఒప్పందానికి సరేనంటే మాత్రం, తన అనుమతి లేకుండా పంపలేరు, వచ్చే వేసవిలో ఉత్తినే వెళ్లిపోతాడు. ఉంచుకుంటే ముప్పై నిమిషాలు ఆడించాలి, లేదా మంచి బేరం ఉండగా సాగనంపాలి. ఈ నివేదిక రాసే రోజుకు ఏదీ తేలలేదు.

ఓట్ల సంగతి: నాలుగు గింజల తేడాతో పెసలు గెలిచాయి. అయితే డబ్బాలోని గింజలు హాజరుపట్టీ కంటే ఆరు తక్కువ. వేయించిన శనగలు తేవడం కార్యదర్శిగా నా పొరపాటు. మర్నాడే ఒక సభ్యులు పునర్లెక్కింపు కోరుతూ అర్జీ పెట్టారు. తిన్న ఓట్లను లెక్కించే విధానం మన నియమావళిలో లేదు.

ఆ రోజు తెర మీద చూపిన పట్టికలన్నీ ఒక్క రాత్రిలో తయారు చేసింది మన స్కోరు బోర్డు చూసే అమ్మాయి. మూడేళ్లుగా ఆమె చేత కుర్చీలు వేయిస్తున్నాం, తీయిస్తున్నాం. కార్యవర్గంలోకి తీసుకుందామని నేను రెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. సెప్టెంబరులో కాలేజీకి శాండియాగో వెళ్లిపోతోంది. స్వచ్ఛంద సేవకుల పట్టికలో మాత్రం ఇరవై రెండు పేర్లు ఉన్నాయి. చర్చ ముగిశాక హాలు ఊడ్చింది ముగ్గురం. మిగతావారు ఫొటోల్లో ఉన్నారు.

జమాఖర్చులు కోశాధికారిగారు సభలో చదువుతారు. హాలు అద్దె పెరిగింది, నిల్వ తగ్గింది. చందా బాకీ ఉన్నవారి పేర్లు ఈసారికి చదవడం లేదు.

సర్వసభ్య సమావేశం ఆగస్టు 10, ఆదివారం. కార్యదర్శి పదవికి పోటీ చేయదలచినవారు ముందుగా తెలియజేస్తే తాళాలు అప్పగిస్తాను. స్టీలు డబ్బా హాలు అలమరలోనే ఉంది. ఎవరిదో వచ్చి తీసుకోగలరు.

ఇట్లు,
కార్యదర్శి